బతుకమ్మ పూల కోసం వెళ్తే సీక్ యాప్ ఆపింది

సియాటెల్ దగ్గర తంగేడు దొరకదు, గునుగు దొరకదు. బతుకమ్మకు ఏ పూలు ఉంటాయో ముందే చూసుకుందామని ఆగస్టు చివర్లో కాస్కేడ్ కొండలెక్కాం. ఒక పచ్చిక నిండా నడుమెత్తు పసుపు పూలు. "అమ్మా, తంగేడు!" అంటూ మా పాప అప్పటికే రెండు గుప్పిళ్లు తెంపేసింది.

ఎందుకైనా మంచిదని ఫోన్ తీశాను. డబ్బులు కట్టి వాడుతున్న ఒక యాప్ క్షణంలో ఏదో తోటపువ్వు పేరు చెప్పేసింది. నమ్మబుద్ధి కాలేదు. సీక్ తెరిచాను. మొక్కలు, జంతువుల ఫొటోలు పెడితే నలుగురూ చూసి పేరు తేల్చే ఐనాచురలిస్ట్ అనే సైట్ వాళ్ల ఉచిత యాప్ ఇది. అకౌంట్ అక్కర్లేదు, సిగ్నల్ లేని చోట కూడా పనిచేసింది. పువ్వు మీద కెమెరా పెడితే చామంతి కుటుంబం అని చెప్పి ఆగిపోయింది. నాకు బాగా నచ్చింది అదే, తెలిసినంత వరకే చెప్తుంది. ఆకు కూడా చూపించాక పేరొచ్చింది: టాన్సీ రాగ్‌వర్ట్.

యూరప్ నుంచి వచ్చిన కలుపు ఇది. విషమని సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ వాళ్ల కలుపు మొక్కల పేజీలో చదివాను. గుర్రాల, పశువుల కాలేయాన్ని కొద్దికొద్దిగా పాడుచేస్తుంది. పచ్చిగా ఉంటే చేదుకు చాలావరకు ముట్టవు కానీ, ఎండుగడ్డిలో కలిస్తే తెలియక తినేస్తాయి. ఎండినా విషం పోదు. ఆ పచ్చిక దిగువనే రెండు గుర్రాలు మేస్తున్నాయి.

పక్కన తడి నేలలో ఇంకో పసుపు పువ్వు, దూరం నుంచి అచ్చం అలాగే ఉంది. సీక్ దాన్ని యారోలీఫ్ గ్రౌండ్‌సెల్ అంది, ఈ కొండల్లో సహజంగా పెరిగే మొక్క. పాపా నేనూ కూర్చుని రెక్కలు లెక్కపెట్టాం. రాగ్‌వర్ట్‌కు 13, దీనికి 8. ఆకులు చూస్తే ఇక అనుమానమే ఉండదు. రాగ్‌వర్ట్ ఆకు చామంతి ఆకును ఇంకా చీల్చి నలిపినట్టుంది. రెండోది పొడవాటి త్రికోణం, అంచుల్లో రంపం పళ్లు. కలుపు పీకుదామని తొందరపడితే పోయేది ఈ రెండోదే.

తెంపిన పువ్వు కూడా విత్తనం కట్టగలదట. బతుకమ్మలో పేర్చి చెరువులో వదిలుంటే? ఆ ఆలోచనకే టెన్షన్ వచ్చింది. పూలన్నీ కవర్లో కట్టి చెత్తలో వేశాం, చేతులు సబ్బుతో కడుక్కున్నాం. ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో పెడితే ఇద్దరు చూసి అదేనని చెప్పారు. కౌంటీకి కూడా తెలియజేశాను.

సీక్‌కు ఐదుకు ఐదు. పువ్వుతో ఆగకండి, ఆకు కూడా చూపించండి. బతుకమ్మకు పెరట్లో బంతి ఉంది, చాలు.