కోడిపిల్లల రక్తపారుడుకి ఆంప్రోలియం పొడి: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పెరట్లో కోడిపిల్లల్ని పెంచేవాళ్ల ఇంట్లో ఒక్క మందు డబ్బానే ఉంచుకోవాలంటే, నీళ్లలో కరిగే ఆంప్రోలియం 20 శాతం పొడిని ఉంచుకోమంటాను. మాది కృష్ణా డెల్టా. చుట్టూ వరిచేలు, నల్లరేగడి నేల. వానలు మొదలయ్యాయంటే దసరా దాకా పెరడు సరిగ్గా ఆరదు. ఇలాంటి చోట ప్రతి వానాకాలం ఏదో ఒక బ్యాచ్‌కి రక్తపారుడు తగులుతూనే ఉంటుంది. నాటు పిల్లలకీ, వనరాజా, రాజశ్రీ లాంటి మేలుజాతి పిల్లలకీ ఇదే మందు వాడుతున్నాను. ఇది బ్యాచ్ మొత్తాన్ని నిలబెట్టిన రోజులున్నాయి, సగం పిల్లలు పోయిన రోజులూ ఉన్నాయి. ఆ తేడా ఎక్కడ వస్తుందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందు రోగం సంగతి. దీన్ని డాక్టర్లు కాక్సిడియోసిస్ అంటారు. ఐమీరియా అనే ఏకకణ జీవి పేగు గోడలో చేరి కణాల్ని చీల్చుకుంటూ పెరుగుతుంది. ఇది ఏలికపాము లాంటి పురుగు కాదు కాబట్టి పైపరజైన్, ఆల్బెండజోల్ లాంటి నట్టల మందులు దీని మీద పనిచేయవు. రెట్టలో రక్తం చూసి నట్టల మందు పోసి, రెండు రోజులు ఎదురుచూసి, మూడో రోజు పిల్లల్ని పాతిపెట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సాధారణంగా మూడు వారాల నుంచి ఎనిమిది వారాల వయసు పిల్లల్లోనే ఇది ఎక్కువ. కోళ్ల ఐమీరియా మనుషులకు అంటదు, ఆ భయం అక్కర్లేదు.

గుర్తుపట్టడం దగ్గరే చాలామంది తడబడతారు. పొద్దున్నే గంప ఎత్తగానే కింద రెట్టలు చూడండి. చాక్లెట్ రంగులో జిగటగా, బాగా కంపు కొట్టే రెట్ట ఒకటీ రెండూ ఉంటే అది మామూలే, కోడి పేగులోని సంచుల నుంచి వచ్చేది అలాగే ఉంటుంది. అప్పుడప్పుడు నారింజ రంగు జిగురు ముక్కలాంటిది కనిపిస్తుంది, అది పేగు లోపలి పొర ఊడి రావడం. పిల్లలు చురుగ్గా తిరుగుతుంటే దానికీ కంగారు పడక్కర్లేదు. అసలు రక్తం వేరు. పుల్లతో కదిపితే తెల్లటి భాగం పక్కన ఎర్రటి చార గానీ, నల్లగా గడ్డకట్టిన చుక్క గానీ కనిపిస్తుంది. మందు కొట్టు నుంచి వచ్చిన అట్టపెట్టె అడుగున తెల్ల కాగితం పరిచి ఒక రాత్రి పిల్లల్ని అందులో పడుకోబెడితే తెల్లారేసరికి సంగతి తేలిపోతుంది. రక్తం కంటే ముందు కనిపించే గుర్తు ఇంకొకటుంది. మేత వేయగానే పరుగెత్తుకురావాల్సిన పిల్ల ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు జార్చి, కళ్లు మూసుకుని ఒక మూల నిలబడుతుంది. జుట్టు పాలిపోతుంది. ఐమీరియాలో అన్ని రకాలూ రక్తం చూపించవు. కొన్నిటిలో నీళ్ల విరేచనాలు, బరువు తగ్గడం మాత్రమే ఉంటాయి. అందుకే రక్తం కోసం ఎదురుచూడకండి.

ఇక మోతాదు. 20 శాతం పొడి అయితే లీటరు నీళ్లకు 1.2 గ్రాములు. అంటే లీటరులో 240 మిల్లీగ్రాముల అసలు మందు. ఇది ఐదు రోజులు. తర్వాత లీటరుకు 0.3 గ్రాములకు తగ్గించి ఒకటి రెండు వారాలు ఇవ్వాలి. ఈ రెండో విడత చాలామంది మానేస్తారు. పిల్లలు తేరుకున్నాయి కదా అని ఆపేస్తే, నేలలో మిగిలిన ఐమీరియా గుడ్ల (కంటికి కనిపించనంత చిన్నవి, ఊసిస్టులు అంటారు) నుంచి మళ్లీ అంటుకుంటుంది, వారం పది రోజుల్లో మొదటికొస్తుంది. ద్రవరూపంలో 9.6 శాతం దొరికితే లీటరుకు 2.5 మిల్లీలీటర్లు. చెంచా లెక్కలు నమ్మొద్దు. చెంచాకీ చెంచాకీ తేడా ఉంటుంది, పొడి నొక్కి తీసుకుంటే ఇంకా తేడా. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, వంటింట్లోనూ పనికొస్తుంది. మందు నీళ్లు ఏ రోజుకా రోజు కొత్తగా కలపాలి. కొనేటప్పుడు నీళ్లలో కరిగే పొడి అని లేబుల్ మీద ఉందో లేదో చూసుకోండి. మేతలో కలిపే రకం కూడా ఇదే పేరుతో అమ్ముతారు, దాన్ని నీళ్లలో వేస్తే సరిగ్గా కరగక అడుగున పేరుకుంటుంది.

నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. ఈ మందు పనిచేసేది పరాన్నజీవి మొదటి దశల మీద. పిల్ల నోట్లోకి గుడ్డు వెళ్లాక నాలుగైదు రోజులకు గానీ రెట్టలో రక్తం పడదు. అప్పటికి ఆ పిల్ల పేగుకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. కాబట్టి రక్తం పడుతున్న పిల్లని ఆంప్రోలియం కాపాడుతుందని గట్టిగా చెప్పలేం. అది కాపాడేది ఇంకా హుషారుగా తిరుగుతున్న తోటి పిల్లల్ని. పక్కింటి వదిన ఒకసారి వాలిపోయిన పిల్లని కొంగులో పెట్టుకుని వచ్చి, "దీనికొక్కదానికీ రెండు చుక్కలు పోయి వదినా, మిగతావన్నీ బాగానే ఉన్నాయి" అంది. ఆ పిల్ల దక్కలేదు. కానీ ఆ సాయంత్రమే తల్లి దగ్గరున్న మిగతా పిల్లలన్నిటికీ మందు నీళ్లు పెట్టించాం, అవి నిలబడ్డాయి. ఒక్క పిల్ల ముడుచుకున్నా సరే, మొత్తం బ్యాచ్‌కి ఇవ్వాలి.

జబ్బుపడ్డ పిల్ల తనంతట తాను నీళ్లు తాగదు. దాన్ని విడిగా వెచ్చగా బల్బు కింద పెట్టి, అదే మందు నీళ్లను డ్రాపర్‌తో ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా, రోజంతా కొంచెం కొంచెంగా పట్టిస్తాను. ఒకేసారి నోరు తెరిచి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త.

తర్వాత బీ కాంప్లెక్స్ గొడవ. ఎంతో మంచి మనసుతో మందుల షాపులో ఆంప్రోలియంతో పాటు విటమిన్ టానిక్ కూడా చేతిలో పెడతారు, నీరసంగా ఉన్నాయి కదా అని. ఈ రెండూ కలిపి ఇవ్వకూడదు. ఆంప్రోలియం నిర్మాణం విటమిన్ బీ1ను, అంటే థయామిన్‌ను పోలి ఉంటుంది. పరాన్నజీవికి థయామిన్ అందకుండా అడ్డుపడటమే దాని పని. మనం అదే థయామిన్‌ను టానిక్ రూపంలో పోస్తే మందు బలం తగ్గిపోతుంది. ఆ కోర్సు జరిగినన్నాళ్లూ నేను తవుడు కూడా ఆపేస్తాను, తవుడులో థయామిన్ ఎక్కువ. నూకలు, మామూలు పిల్లల మేత వేస్తాను. కోర్సు పూర్తయ్యాక మాత్రం టానిక్ తప్పకుండా ఇస్తాను. రక్తం ఎక్కువ పోయిన వాటికి విటమిన్ ఏ, విటమిన్ కె ఉపయోగపడతాయి, అవి మందుతో పాటు ఇచ్చినా ఇబ్బంది లేదు.

పెరటి కోళ్లకి నీళ్లలో మందు అంటే ఇంకో చిక్కుంది. ఫారంలో అయితే కోడికి వేరే నీళ్లు దొరకవు. మన పెరట్లో బోరు కింద మడుగు, గేదె కుడితి తొట్టి, అంట్లు తోమిన చోట గుంట, అన్నీ వాటివే. మందు నీళ్లు అలాగే మిగిలిపోతాయి, మనమేమో మందు పనిచేయలేదంటాం. ఆ ఐదు రోజులూ పిల్లల్ని షెడ్‌లోనో వల కట్టిన చోటనో ఉంచాల్సిందే. ఈ ఒక్క విషయంలో పట్టుగా ఉన్న బ్యాచ్‌లన్నీ బాగా కోలుకున్నాయి.

మందు ఎంత మంచిదైనా నేల తడిగా ఉంటే లాభం లేదు. రెట్టతో బయటపడ్డ గుడ్డు వెంటనే అంటుకోదు. దానికి తేమ, గాలి, పాతిక ముప్ఫై డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో సిద్ధమవుతుంది. మన వానాకాలం సరిగ్గా అదే వాతావరణం. ఊకను గుప్పెట్లో పట్టి గట్టిగా పిసికి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్దగా నిలిచిందంటే ఆ రోజే మార్చేయాలి. నీళ్ల డబ్బా చుట్టూ ఉన్న జానెడు మేర ఎప్పుడూ ముందు తడుస్తుంది, అక్కడిది రోజూ తీసేస్తాను. డబ్బాని ఇటుక మీద పిల్ల వీపు ఎత్తుకి పెడితే అందులో రెట్ట వేయడం, ఒలకబోయడం రెండూ తగ్గుతాయి. ఫినాయిలు, బ్లీచింగ్ పొడి చల్లి ధైర్యంగా ఉండేవాళ్లకు ఒక మాట: ఆ గుడ్ల పెంకు చాలా గట్టిది, మామూలు క్రిమిసంహారకాలు దాని లోపలికి పోవు. షెడ్ ఖాళీ చేసినప్పుడు మరిగే నీళ్లు పోయడం, ఫ్లేమ్ గన్‌తో కాల్చడం, మంచి ఎండ తగలనివ్వడం, ఇవి పనిచేస్తాయి.

తల్లి వెంట తిరిగే నాటు పిల్లల్లో ఇది తీవ్రంగా రావడం నేను తక్కువగా చూశాను. రోజూ కొద్దికొద్దిగా తగులుతూ వాటికి రోగనిరోధకశక్తి వస్తుంది. ఇంక్యుబేటర్ పిల్లల్ని అట్టపెట్టెలో శుభ్రంగా పెంచి, నెల వయసులో ఒక్కసారిగా పాత కోళ్లు తిరిగే నేల మీద వదిలితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది.

టోల్ట్రాజురిల్ 2.5 శాతం మందు కూడా వాడాను. లీటరుకు ఒక మిల్లీలీటరు, వరుసగా రెండు రోజులు. పరాన్నజీవి అన్ని దశల మీదా పనిచేస్తుంది కాబట్టి ఆలస్యంగా కనిపెట్టినప్పుడు, చాలా పిల్లలు ఒకేసారి వాలిపోయినప్పుడు అదే మేలు. ధర ఎక్కువ. గుడ్లు పెట్టే కోళ్లకి ఇవ్వకూడదు. అందుకే దాన్ని రెండో మందుగానే ఉంచుకున్నాను. సల్ఫా మందులు పాతకాలం నుంచీ ఉన్నాయి గానీ, సల్ఫాక్వినాక్సలిన్ లాంటిది మోతాదు మించితే దానివల్లే రక్తస్రావం వస్తుంది. రక్తం పోతున్న పిల్లకి అంత రిస్క్ నాకు ఇష్టం లేదు. పసుపు, వెల్లుల్లి, వేపాకు నేనూ వేస్తాను, బాగున్న కోళ్లకి. రక్తం కనిపించాక వాటి మీద ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి.

మూడు రోజులైనా కొత్త పిల్లలు పడిపోతూనే ఉంటే మందు మార్చేముందు పశువైద్యశాలకి వెళ్లండి. తాజా రెట్టని చిన్న డబ్బాలో పట్టుకెళ్తే సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తాయి. చనిపోయిన పిల్లని తీసుకెళ్లినా కోసి చూపిస్తారు. పేగు చివర ఉండే రెండు సంచులు ముదురు ఎరుపులో ఉబ్బి, లోపల రక్తపు గడ్డలతో నిండి ఉంటే ఇక అనుమానం లేదు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిప్పేయడం ఉంటే అది కొక్కెర తెగులు (రాణిఖేత్) అయ్యే అవకాశం ఎక్కువ. దానికి ముందుగా వేయించే టీకాయే దారి, ఆంప్రోలియం ఏమీ చేయదు.

పొడి మీద నాకున్న ఫిర్యాదులు రెండు. ప్యాకెట్ ఒకసారి తెరిస్తే వానాకాలంలో గాలి తగిలి గడ్డకడుతుంది, మూత గట్టిగా ఉండే సీసాలోకి మార్చి పైన తేదీ రాసుకోవాలి. నా చేతికొచ్చిన ప్యాకెట్ల మీద మోతాదు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, అదీ వంద కోళ్ల లెక్కలో. పది పిల్లలున్న ఇల్లాలికి అది ఎలా అర్థమవుతుంది? లీటరు లెక్కని తెలుగులో పెద్ద అక్షరాలతో వేస్తే ఎన్నో పిల్లలు దక్కుతాయి. అప్పటిదాకా సీసా మీద మీరే రాసి అతికించుకోండి: మొదటి ఐదు రోజులు లీటరుకు 1.2 గ్రాములు, ఆపైన 0.3 గ్రాములు, బీ కాంప్లెక్స్ వద్దు.