చైన్ థియేటర్లు, స్వతంత్ర థియేటర్లు: ఏళ్ల తరబడి రెండు చోట్లా సినిమా చూశాక

భారీ సినిమాను విడుదలైన వారంలోనే చూడాలనుకుంటే చైన్ థియేటర్‌కు, అంటే ఒకే పెద్ద సంస్థ చాలాచోట్ల నడిపే హాళ్లలో ఒకదానికి, వెళ్తాను. ఏం చూడాలో నాకే తెలియనప్పుడు స్వతంత్ర థియేటర్‌కు వెళ్తాను. ఏళ్ల తరబడి రెండు చోట్లా టికెట్లు కొన్నాక స్థిరపడిన అలవాటు ఇది. ఇందులో భావావేశం పాలు తక్కువే. ఒకే యజమానో, చిన్న సంఘమో నడిపే హాళ్ల గురించి రాసేవాళ్లు పాత ముఖద్వారాలనూ మఖమలు తెరలనూ తలచుకుని కరిగిపోతుంటారు. నాకు వాటి మీద పెద్ద మోజు లేదు. ఏ సినిమా వేయాలో ఆలోచించి, అది తెర మీద ఎలా పడుతోందో చూసుకునే మనిషి ఆ భవనంలో ఉన్నాడా లేడా అన్నదే నాకు ముఖ్యం.

ముందు బొమ్మ సంగతి. చిన్న హాల్లో బొమ్మ నాసిగా ఉంటుందన్న మాట రీళ్ల కాలంలో చాలావరకు నిజం. కొత్త ప్రింట్లు పెద్ద సంస్థలకు వెళ్లేవి. గీతలు పడి, అతుకులు వేసుకున్నవి వారాల తర్వాత చిన్న హాళ్లకు చేరేవి. డిజిటల్ వచ్చాక ఆ తేడా చెరిగిపోయింది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2002లో ఏర్పాటు చేసుకున్న డీసీఐ (డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్) అనే సంస్థ, 2005లో డిజిటల్ ప్రదర్శనకు ప్రమాణాలు ప్రకటించింది. బొమ్మ స్పష్టత 2కే స్థాయి అయితే 2048×1080 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు), 4కే అయితే 4096×2160, తెర మధ్యలో వెలుగు చదరపు మీటరుకు 48 క్యాండెలాలు (వెలుగును కొలిచే ప్రమాణం). ఇప్పుడు అందరికీ అందేది ఒకే ఫైలు. దాన్ని ఏ సర్వర్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆడించవచ్చో చెప్పే డిజిటల్ తాళంచెవి విడిగా వస్తుంది. ప్రొజెక్టర్లు మార్చుకునే ఖర్చులో కొంత భాగాన్ని స్టూడియోలు ‘వర్చువల్ ప్రింట్ ఫీజు’ పేరుతో భరించాయి. అయినా మిగతా భారం మోయలేక కొన్ని చిన్న హాళ్లు ఆ మార్పిడి సమయంలోనే మూతపడ్డాయి. నిలబడినవాటి పరికరాలు మాత్రం కాగితం మీద పెద్దవాళ్లవాటికి తీసిపోవు.

కాగితం వదిలి హాల్లోకి వెళ్తే కథ వేరు. ప్రొజెక్టర్‌లో ఉండే జినాన్ దీపం వాడేకొద్దీ వెలుగు తగ్గుతుంది. దాన్ని ఎప్పుడు మార్చాలో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. చైన్లలో షోలన్నీ కంప్యూటర్ వేసిన పట్టిక ప్రకారం వాటంతటవే మొదలవుతాయి, పన్నెండు తెరలకు కలిపి ఒక మేనేజరు ఉంటాడు. నేను వెళ్లే ఒక చైన్ హాల్లో స్కోప్ సినిమాను, అంటే ఎత్తుకు 2.39 రెట్లు వెడల్పున్న బొమ్మను, 1.85 రెట్లే వెడల్పున్న తెర మీద వేస్తారు. పైనా కిందా మిగిలిన ఖాళీని కప్పే నల్ల గుడ్డలు తీసేశారు, కాబట్టి రాత్రి సన్నివేశాల్లో బూడిదరంగు పట్టీలు బొమ్మకంటే ముందు కంటికి తగులుతాయి. ఒకసారి 3డీ లెన్సు తీయకుండానే మామూలు సినిమా వేశారు. బయటికి వెళ్లి చెబితే గుమ్మం దగ్గరి కుర్రాడు మర్యాదగా విని, మరో షోకు ఉచిత టికెట్ ఇచ్చాడు. బొమ్మ మాత్రం చివరిదాకా మసకగానే ఉంది. ఆ అబ్బాయిని తప్పుపట్టను, ప్రొజెక్టర్ గది తాళం అతని దగ్గర ఉండదు. స్వతంత్ర థియేటర్‌లో ఇలాంటి ఫిర్యాదే చేసినప్పుడు, టికెట్లు చింపుతున్న ఆయనే మెట్లెక్కి వెళ్లి సరిచేసి వచ్చాడు. అక్కడ ఆపరేటరు కూడా ఆయనే.

శబ్దం విషయంలో మాత్రం చైన్‌దే పైచేయి. శబ్దం చుట్టూ, తల పైనుంచీ వినిపించేలా చేసే డాల్బీ అట్మాస్ 2012లో వచ్చింది. 64 దాకా స్పీకర్లకు విడివిడిగా శబ్దం పంపగల ఆ ఏర్పాటుకు అయ్యే ఖర్చు చిన్న యజమాని తాహతుకు మించినది. నా స్వతంత్ర థియేటర్‌లోనైతే ఎడమవైపు స్పీకరు ఒకటి చాలాకాలం గరగరమంటూ ఉండేది. కుర్చీల సంగతి అడక్కండి.

అసలు తేడా సినిమాల ఎంపికలో ఉంది. ఒకే సిబ్బందితో ఎక్కువ తెరలు నడపవచ్చన్నది చైన్ల పునాది సూత్రం. తర్వాత ఏఎంసీ అనే పెద్ద అమెరికన్ చైన్‌గా మారిన సంస్థ 1963లోనే కాన్సస్ సిటీలో రెండు తెరల థియేటర్ తెరిచి ఈ దారి పట్టింది. ఎంపిక కేంద్ర కార్యాలయంలో జరుగుతుంది. మొదటి వారాంతపు వసూళ్లు తేలాక, ఏది ఉండాలో ఏది పోవాలో రెండు మూడు రోజుల్లో నిర్ణయిస్తారు. నోటిమాట మీద నెమ్మదిగా ఎదిగే సినిమా ఈ పద్ధతిలో రెండో వారానికి ఉదయం పదింటి షోకు జారిపోయి, మూడో వారానికి మాయమవుతుంది.

స్వతంత్ర థియేటర్‌కు ఇష్టమున్నా పెద్ద సినిమా వేయడం సులువు కాదు. పంపిణీదారుల షరతులు అలా ఉంటాయి: ఇన్ని వారాలు ఆడించాలి, ఆ తెర మీద రోజంతా అదే ఆడాలి, మొదటి వారాల్లో టికెట్ డబ్బులో సగానికి పైగా వాటా ఇవ్వాలి. పన్నెండు తెరలున్నవాళ్లకు అది ఒక తెర సంగతి. రెండే ఉన్నవాళ్లకు సగం థియేటర్ అప్పగించినట్టే. అందుకని వాళ్లు పరభాషా చిత్రాలు, డాక్యుమెంటరీలు, పాత సినిమాల 35 ఎం.ఎం. ప్రింట్ల వైపు తిరుగుతారు. ఒక సినిమాకు నలుగురూ వస్తున్నారంటే పెద్ద హాలు నుంచి చిన్న హాలుకు మార్చి నెలల తరబడి ఉంచుతారు. నేను పేరు కూడా వినని దర్శకుల సినిమాలు చూసింది ఇలాగే, అక్కడ వేశారు కదా అన్న నమ్మకంతో. ఆ నమ్మకానికి హద్దు ఉందనుకోండి. మా ఎంపికదారుకు హారర్ అంటే చిన్నచూపు, ఏడాది పొడవునా వేయడు. ఒక మనిషి అభిరుచి మీద నడిచే చోట ఆ మనిషి మొండితనం కూడా టికెట్‌తో పాటే వస్తుంది.

తినుబండారాల ధర రెండు చోట్లా ఎక్కువే. టికెట్ డబ్బులో పెద్ద వాటా పంపిణీదారుకు పోతుంది కాబట్టి ఇద్దరినీ పోషించేది పాప్‌కార్న్ కౌంటరే. ఆ ఆదాయం కూడా చాలని స్వతంత్ర థియేటర్లు సభ్యత్వాలు, విరాళాల మీద ఆధారపడతాయి. 1970లో మొదలైన న్యూయార్క్ ఫిల్మ్ ఫోరం లాంటివి లాభాపేక్ష లేని సంస్థలుగానే నడుస్తున్నాయి. ప్రకటనల్లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చైన్‌లో చెప్పిన సమయానికి వెళ్తే కార్లూ ఫోన్లూ చూస్తూ కూర్చోవాలి. ఆ అలవాటుతో స్వతంత్ర థియేటర్‌కు ఆలస్యంగా వెళ్తే మొదటి సన్నివేశం అయిపోయి ఉంటుంది.

ప్రస్తుతం నా దగ్గర చైన్ నెలవారీ పాసూ ఉంది, స్వతంత్ర థియేటర్ సభ్యత్వమూ ఉంది. పాసు బాగానే గిట్టుబాటవుతోంది, కానీ డబ్బు వసూలు చేసుకోవాలన్న తాపత్రయంలో దానితో చూసిన సినిమాల్లో సగం నాకు గుర్తు లేవు. నెలకు రెండు సినిమాలకు మించి చూడనివాళ్లు పాసు జోలికి వెళ్లనక్కర్లేదు, సభ్యత్వం తీసుకుంటే చాలు.