స్టేజీ పనికి నల్ల గాఫర్ టేప్: ఖరీదైనా కొనాల్సిన సరుకు

స్టేజీ మీద వైర్లను నేలకు అంటించే రెండంగుళాల నల్ల గాఫర్ టేప్ ప్యాకింగ్ టేపు కన్నా బాగా ఖరీదు. అయినా కొనాల్సిందే. గుడ్డ టేపు కాబట్టి చేత్తోనే అడ్డంగా చిరుగుతుంది, లైట్ల కింద మెరవదు. ప్లాస్టిక్ పూత ఉన్న డక్ట్ టేపు మెరుస్తుంది, పీకాక జిగురు వదులుతుంది. వెంటవెంటనే సెట్లు మార్చే పరిషత్తు నాటక పోటీల్లో ఆ జిగురుతో పెద్ద తలనొప్పి.

నేల తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించండి. దుమ్ము మీద వేస్తే కాసేపట్లోనే లేచిపోతుంది. కేబుల్ మీద పొడవునా వేయాలి. అక్కడక్కడా అడ్డం ముక్కలు వేస్తే మధ్యలో వైరు లేచి, నటుల కాలికి తగులుతుంది.

సోఫా కాళ్లు ఎక్కడ పెట్టాలో నేల మీద వేసే గుర్తులకు నలుపు పనికిరాదు, చీకట్లో కనపడదు. సన్నటి తెల్లది వేరే తీసుకోండి. రంగులద్దిన తెరల మీద అసలు వద్దు, పెయింటు ఊడొస్తుంది. ఆట అవ్వగానే, నేలకు దగ్గరగా వంచి, నిదానంగా లాగి తీసేయండి.