పర్లాకిమిడిలో పాత మండువా ఇల్లు, సున్నపు మేస్త్రీల పని

పర్లాకిమిడిలో, మహేంద్రతనయ నది ఒడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత మండువా ఇంటిని బాగుచేయించుకునే ఉద్దేశంతోనే కొన్నాము. 1936లో ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో చేరకముందే కట్టిన ఇల్లు కనుక పాత దస్తావేజులు తెలుగులోనూ, ఇప్పటి పట్టా ఒడియాలోనూ ఉన్నాయి. రెండూ చదవగల లేఖరి చేత హద్దులు సరిచూపించుకోనిదే బయానా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

గోడలు దిట్టంగా ఉన్నాయని మధ్యవర్తి చెప్పారు. కానీ పడమటి గదిలో ఎవరో పూయించిన సిమెంటును ఉలితో తట్టగానే పెచ్చు ఊడి, లోపలి ఇటుక తడి పిండిలా వేలికి అంటుకుంది. సున్నంతో కట్టిన గోడ చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసివేయడంతో ఉప్పు పేరుకొని ఇటుకను తినేస్తుంది.

మేము కుదుర్చుకున్న మేస్త్రీల బృందం ఆ సిమెంటునంతా ఒలిచి, వేసవి అంతా గోడను ఆరనిచ్చి, నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో గానుగ ఆడించి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పలుచగా పూశారు. ఒక పూత ఆరేదాకా రెండోది ముట్టుకోలేదు. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. వానాకాలం గడిచినా గోడకు మరక పడలేదు.

అయితే పైకప్పు పని చెప్పిన గడువుకు రెండు నెలలు ఆలస్యమైంది, కొత్త పెంకులు పాతవాటితో సరిగా కూర్చోక మండువా మూలన ఇంకా నీరు కారుతోంది. గోడలకైతే వీరినే మళ్లీ పిలుస్తాను, కప్పుకు వేరే మనిషిని వెతుక్కుంటున్నాను.