జనవరిలో ఫోన్ చేసే హైదరాబాద్ ట్యాక్స్ సర్వీసు: మా 2025 రిటర్ను ఎలా చేశారంటే

"మేడమ్, డబ్ల్యూ-2 వచ్చిందా? ఫ్రీగా ఎస్టిమేట్ వేసిస్తాం, నచ్చితేనే ఫైల్ చేయండి." డబ్ల్యూ-2 అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లలో ఈ ఫోన్ రానివాళ్లు అరుదు. మన నంబర్ వాళ్లకెలా దొరుకుతుందన్నది వేరే కథ. ఈసారి అలాంటి ఒక సంస్థకే మా రిటర్ను ఇచ్చాం. పేరు రాయను. ఇలాంటివి హైదరాబాద్‌లో బోలెడున్నాయి, పనిచేసే తీరూ ఇంచుమించు ఒకటే. మాది న్యూజెర్సీ. ఇద్దరం ఉద్యోగస్తులం, సొంతిల్లుంది, మా ఆయనకి ఆర్‌ఎస్‌యూలున్నాయి (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు), ఇండియాలో కొన్ని ఖాతాలున్నాయి.

ముందు మంచి చెప్పాలి. ఆర్‌ఎస్‌యూల దగ్గర వాళ్ల పని బాగుంది. ఉదాహరణకి 100 షేర్లు ఒక్కోటి 150 డాలర్లున్నప్పుడు చేతికొచ్చాయనుకోండి. ఆ 15,000 డాలర్లు అప్పటికే జీతంలో కలిసి డబ్ల్యూ-2లో చేరిపోతాయి. వాటిని 15,500కి అమ్మితే లాభం 500 మాత్రమే. కానీ బ్రోకర్ పంపే 1099-బిలో (షేర్ల అమ్మకాల లెక్క చూపే ఫారం) కొన్న ధర చాలాసార్లు సున్నా అని ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కించేస్తే అదే డబ్బుకి రెండోసారి పన్ను కట్టినట్టే. మాకొచ్చిన కుర్రాడు 1099-బి చూడగానే "సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ కూడా పంపండి మేడమ్" అన్నాడు. అసలు ధరలన్నీ ఉండేది అందులోనే. ఈ ఒక్క పనితోనే ఫీజు గిట్టిపోయింది.

ఇంటి లెక్కా సరిగ్గానే చూశారు. రాష్ట్ర పన్నులు, ప్రాపర్టీ ట్యాక్స్ కలిపి ఇదివరకు 10,000 డాలర్లకి మించి మినహాయింపు ఉండేది కాదు. 2025కి ఆ పరిమితి 40,000 అయింది. మాలాంటి జంటకి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపే బదులు తీసుకునే స్థిరమైన మినహాయింపు) 31,500. మా ప్రాపర్టీ ట్యాక్సు, రాష్ట్ర ఆదాయపన్ను, ఇంటి లోను వడ్డీ కలిపితే దాన్ని దాటేశాయి. ఏది లాభమో మొదటి డ్రాఫ్ట్‌లోనే పక్కపక్కన పెట్టి చూపించారు. (ఈ పెంపు న్యూజెర్సీలో ఇల్లున్న మాకు బాగానే ఉంది. అద్దెకుండే మా తమ్ముడికి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. నన్నడిగితే ఇదేమంత న్యాయమైన మార్పు కాదు.)

చిరాకు తెప్పించింది రిఫండ్ గోల. ఎస్టిమేట్ ఎక్సెల్ షీట్‌లో వస్తుంది. మిగతా గడులన్నీ తెల్లగా ఉంటాయి, రిఫండ్ గడి ఒక్కటే పసుపు. రెండో ఫోన్లో "వేరేవాళ్లు ఎంత చూపించారు మేడమ్? మేం ఇంకా పెంచుతాం" అన్నారు. పన్నంటే కూరగాయల బేరమా? ఎలా పెంచుతారని అడిగితే, "డొనేషన్లు కాస్త వేద్దాం, 500 లోపు ఎవరూ అడగరు" అన్నాడు. ఇవ్వని విరాళం ఎంత చిన్నదైనా రాయకూడదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి విరాళానికీ ఆ సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి. తిరుమల హుండీలో వేసింది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడ గుర్తింపు పొందిన గుడికి ఇచ్చింది వస్తుంది. వద్దని గట్టిగా చెప్పాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇండియా భాగం. హైదరాబాద్‌లో కూర్చుని మనవాళ్ల కోసమే నడిపే సంస్థ అందులోనే తేలిపోయింది. వాళ్ల ప్రశ్నాపత్రంలో దీనికి ఉన్నది ఒకే గడి: "విదేశీ ఆదాయం: ఉంది / లేదు". ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో తెరిచే ఖాతా) డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి చాలామంది "లేదు" అని పెట్టేస్తారు. అమెరికాలో ఆ వడ్డీకి పన్ను కట్టాలి. మా డ్రాఫ్ట్‌లో షెడ్యూల్ బి (వడ్డీ, డివిడెండ్లు చూపే పేజీ) చివర "విదేశీ ఖాతాలున్నాయా" అన్న దగ్గర "లేదు" అని టిక్కు ఉంది. మమ్మల్ని అడిగిందీ లేదు, మేం చెప్పిందీ లేదు. అంతకన్నా ముఖ్యం, నాన్న తన ఖాతాకి నా పేరు జత చేశారు. ఆయన డబ్బే అయినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు) కోసం ఆ ఖాతా మొత్తం నా లెక్కలోనూ చూపాలి. అన్ని ఖాతాలూ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ తప్పదు. జాయింట్ ఖాతాల గురించి ఒక్క ప్రశ్న కూడా లేకపోతే ఎలా?

ఎఫ్‌బార్‌కి 50 డాలర్లు అదనం అన్నారు. ఎఫ్‌బార్ తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫిన్‌సెన్ సైట్‌లో అది ఉచితం, ఒక్కో ఖాతాలో ఏడాదిలో ఎక్కువగా ఎంత ఉందో తెలిస్తే చాలు. దాన్ని నేనే వేసుకున్నాను. మరో లోపం, మా హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) పెట్టుబడి మీద డివిడెండ్లు వచ్చాయా అని అడగలేదు. ఫెడరల్‌లో వాటికి పన్ను లేదు కానీ న్యూజెర్సీ హెచ్‌ఎస్‌ఏని గుర్తించదు, కాబట్టి రాష్ట్ర రిటర్నులో చూపాలి.

డబ్బులు కట్టే ముందు ఒకటి చూడండి. ఫారం 1040 (అసలు రిటర్ను ఫారం) రెండో పేజీ అడుగున ప్రిపేరర్ పేరు, పీటిన్ నంబరు (రిటర్నులు చేసిపెట్టేవాళ్లకి పన్నుల శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. డబ్బు తీసుకుని "సెల్ఫ్ ప్రిపేర్డ్" (మనమే చేసుకున్నట్టు) అని పంపేవాళ్ల జోలికి పోవద్దు. వీళ్లు సంతకం పెట్టారు, అది నచ్చింది. అమెరికాలో ఆఫీసున్న సంస్థ మన వివరాలు ఇండియా టీముకి పంపాలంటే ముందు మన అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితం నేను అడిగాకే వచ్చింది.

మొత్తం ఫీజు 140 డాలర్లు. నేనైతే 5కి 3 ఇస్తాను. ఒక్క డబ్ల్యూ-2 తప్ప ఏమీ లేనివాళ్లకి ఇది దండగ. 2025 ఆదాయం 89,000 డాలర్ల లోపున్నవాళ్లకి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్ల ఉచిత ఫ్రీ ఫైల్ ఉంది. ఐఆర్‌ఎస్ తానే ఉచితంగా నడిపిన డైరెక్ట్ ఫైల్ 2025లో న్యూజెర్సీకీ వచ్చింది, మరుసటి ఏడాదే తీసేశారు. ఉంచి ఉంటే ఇలాంటి ఫోన్లు సగం తగ్గేవి.

ఇండియాలో మ్యూచువల్ ఫండ్లున్నవాళ్లు మాత్రం ఇక్కడికి వెళ్లకండి. వాటికి ఒక్కో ఫండుకీ ఫారం 8621 విడిగా వేయాల్సి రావచ్చు, పన్ను లెక్కా చాలా కఠినం. మా ఆయన సిప్‌ల గురించి అడిగితే "అవి చూపించకపోయినా పర్లేదు మేడమ్" అన్నారు. ఆ భాగం వరకూ ఇక్కడి సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఫీజు వీళ్లకి ఐదింతలు, అయినా మొదటి పావుగంటలో అడిగినవన్నీ ఇండియా ప్రశ్నలే.