తొమ్మిదేళ్ల కాపురం తర్వాత మా జాక్సన్ హైట్స్ కో-ఆప్

ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు నేను పడిపోయింది వంటగదికి. తెల్లటి రాతి గట్టు, చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు, పొయ్యి మీద మెరిసే స్టీలు చిమ్నీ. రెండు పడకగదులు, మొత్తం కొత్తగా చేయించిన ఇల్లు అని ఏజెంటు అరగంటలో ఆరుసార్లు చెప్పాడు. 2016 వసంతంలో కొన్నాం. ఇప్పుడు అడిగితే చెప్పేది ఒకటే. ఈ ఇంట్లో కొత్తగా చేసినవి నన్ను ఏడిపించాయి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన పాతవి నన్ను ఇక్కడ నిలబెట్టాయి.

న్యూయార్క్ నగరంలో క్వీన్స్ వైపు ఉంటుంది జాక్సన్ హైట్స్. క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే సంస్థ పొలాలు కొని, 1917లో ఎత్తు వంతెన మీద రైలు వచ్చాక జోరుగా కట్టిన పేట ఇది. వీధుల వెంట చుట్టూ భవనాలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా తోట. ఇందులో చాలా భాగాన్ని 1993లో నగరం చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. మా భవనం 1920ల నాటిది, ఐదంతస్తులు. మాది మూడోది.

మా నాన్న గుంటూరు నుంచి ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, "రిజిస్ట్రేషన్ ఎప్పుడమ్మా?" అని. రిజిస్ట్రేషన్ లేదని నమ్మించడానికి గంట పట్టింది. కో-ఆప్‌లో భవనమంతా ఒక కంపెనీది. మనం కొనేది ఆ కంపెనీలో వాటాలు. ఆ వాటాలు ఉన్నందుకు ఫలానా ఇంట్లో ఉండే హక్కు ఇస్తూ ఒక లీజు రాసిస్తారు. ఆ వాటాల పత్రం కూడా మా చేతిలో లేదు, అప్పిచ్చిన బ్యాంకు దగ్గర ఉంది. "అంటే ఇంత డబ్బు పోసి అద్దెకు ఉంటున్నారా?" అన్నారు నాన్న. పూర్తిగా తప్పని ఇప్పటికీ చెప్పలేను.

ఆ కంపెనీని నడిపే వాటాదారుల బోర్డు సంగతి ముందే తెలుసుకోండి. రెండేళ్ల పన్ను పత్రాలు, బ్యాంకు లెక్కలు, మన నడవడి గురించి తెలిసినవాళ్ల ఉత్తరాలు, ఆపైన ముఖాముఖి. వద్దనుకుంటే కారణం చెప్పకుండానే కాదనవచ్చు. మమ్మల్ని ఒక సభ్యురాలి హాలులో కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరైనా వాద్యం వాయిస్తారా అని అడిగారు. వీణ ఉందని చెప్పి, అది మెల్లగా మోగే వాద్యమని మా ఆయన వెంటనే కలిపారు. వారంలో ఒప్పుకున్నారు.

నెలనెలా కట్టే మెయింటెనెన్స్ అప్పట్లో 890 డాలర్లు, ఇప్పుడు 1,270. వేడి, వేడినీళ్లు, ఆస్తిపన్నులో మా వంతు, భవనం మీద ఉన్న ఉమ్మడి అప్పు, సూపర్ జీతం అన్నీ అందులోనే. సూపర్ అంటే భవనం బాగోగులు చూసే ఉద్యోగి. ఆయన గురించి తర్వాత చెబుతాను.

ఇక ఆ వంటగది. మెరిసే చిమ్నీకి బయటకు పోయే గొట్టమే లేదు. పొగను పీల్చి, ఒక జల్లెడ గుండా పంపి, మళ్లీ మన మొహం మీదకే వదులుతుంది. గుడ్డు పొరటు చేసుకునేవాళ్లకు అది చాలు. ఎండుమిర్చి, ఇంగువ పోపు వేసేవాళ్లకు చాలదు. గృహప్రవేశం నాడు పాలు పొంగించి, పక్క పొయ్యి మీద పులిహోర పోపు పెట్టానో లేదో పొగ అలారం మొదలైంది. పంతులుగారు మంత్రం ఆపి పైకి చూశారు. పైగా అమ్మినాయన వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీయించేశాడు, విశాలంగా కనబడాలని. మొదటి మూడేళ్లు మా కోట్లు, దుప్పట్లు, పిల్లదాని బడిసంచి అన్నీ తాలింపు వాసనే. గొట్టం కోసం బయటి గోడకు కన్నం పెట్టాలంటే బోర్డు ఒప్పుకోవాలి, చారిత్రక ప్రాంతం కాబట్టి నగరం అనుమతీ తేవాలి. చివరికి జారుడు అద్దాల తలుపులు పెట్టించాం. ఆయన డబ్బు పెట్టి తీసేసినదాన్ని నేను డబ్బు పెట్టి మళ్లీ తెచ్చుకున్నాను.

స్నానాలగది కథ ఇంకా ఖరీదైనది. పలకలు అందంగా వేశారు, వాటి కింద నీరు దిగకుండా వేయాల్సిన పొర మాత్రం సరిగా వేయలేదు. మూడో ఏట కింది ఇంటి పైకప్పు మీద గోధుమరంగు మచ్చ వచ్చింది. గోడలోపలి పైపు అయితే కో-ఆప్ బాధ్యత, నేల, పలకలు, కుళాయిలు అయితే మన బాధ్యత. మచ్చకు కారణం మాదే అని తేలింది. పని మూడు వారాలు, దానికి ముందు కాగితాలు ఐదు నెలలు: మార్పుల ఒప్పందం, పనివాళ్ల బీమా, డిపాజిట్, వారపు రోజుల్లో తొమ్మిది నుంచి ఐదు వరకే పని అనే షరతు. కింది ఇంటి పెద్దావిడ ఆ ఐదు నెలలూ లిఫ్టులో నన్ను చూసి తల తిప్పుకునేవారు. ఆవిడను తప్పుపట్టను.

కరెంటు మాట కూడా చెప్పాలి. మీటలు కొత్తవి, వాటి వెనక ఇంటికి వచ్చే సరఫరా పాతది. జూలైలో కిటికీ ఏసీ నడుస్తుండగా దోసెలపిండికి గ్రైండర్ వేస్తే ఇల్లంతా చీకటి. పిండి రుబ్బే గంట ఉక్కలో గడపడం మాకు అలవాటైపోయింది.

రేడియేటర్ల దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. మొదటి చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి గోడలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మోత. పాత ఇల్లంటే ఇంతే అన్నారు అందరూ. మా సూపర్ వచ్చి, రేడియేటర్ మీద నీటిమట్టం చూసే పరికరం పెట్టి నవ్వాడు. మా భవనంలో ఆవిరి వచ్చేదీ, అది చల్లబడి నీరై తిరిగి వెళ్లేదీ ఒకే గొట్టంలో. కాబట్టి రేడియేటర్ ఆ గొట్టం వైపు కొంచెం వాలి ఉండాలి. కొత్త నేల వేసినవాళ్లు దాన్ని చక్కగా, సమంగా నిలబెట్టారు. నీరు లోపలే నిలిచిపోయి, వచ్చే ఆవిరి దాన్ని ఢీకొని ఆ మోత. రెండో వైపు కాళ్ల కింద రెండు చెక్కముక్కలు దోపాడు, అంతే. తొమ్మిదేళ్లలో ఈ ఇంటికి జరిగిన మరమ్మతులన్నిటిలో అదే గొప్పది. వేడి మాత్రం మన చేతిలో ఉండదు. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు చట్టం అడిగే పగటి వేడి 68 డిగ్రీల ఫారన్‌హీట్, మాకు వచ్చేది దానికి చాలా పైన. జనవరిలో బయట మంచు కురుస్తుంటే కిటికీ తెరిచి, బనియన్‌తో కూర్చునే మా ఆయనను చూసి అమ్మ బిత్తరపోయింది.

ఇంక పాతవాటి మాట. గోడలు మందపాటి గచ్చువి, పక్కింటి టీవీ ఒక్కరోజూ వినబడలేదు. గదులకు రెండు వైపులా కిటికీలు, గాలి ఇటు నుంచి అటు పోతుంది. పడకగదిలో అసలు ఓక్ చెక్క నేల మిగిలింది, హాలులో వేసిన కొత్తది ఐదో ఏటికే గీతలు పడి మాసిపోయింది. కిటికీలోంచి తోట. అందులో మన ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వరు, పిల్లల్ని ఆడనివ్వరు, అది నాకు నచ్చదు. అయినా ఏప్రిల్‌లో ఆ చెట్లు పూసినప్పుడు నా ఫిర్యాదు గుర్తుకు రాదు. ఆటకు 34వ అవెన్యూ ఉంది. 2020లో కరోనా వచ్చాక కార్లను ఆపి జనానికి వదిలారు. మా అమ్మాయి సైకిల్ నేర్చుకున్నది అక్కడే.

పేట గురించి ఒక సంగతి దాచకూడదు. 1920లలో ఈ ఇళ్లు అమ్మినప్పుడు యూదులకు, నల్లవారికి అమ్మేవారు కాదు. 1965 వలస చట్టం తర్వాత మనలాంటివాళ్లం వచ్చాం. ఇప్పుడు 74వ వీధిలో గోంగూర, లేత బెండకాయలు నడిచి వెళ్లి తెచ్చుకుంటాను, పక్క సందులో టిబెట్ మోమోలు. 7 నంబరు రైలెక్కితే ఫ్లషింగ్, అక్కడ గణపతి గుడి, గుడి క్యాంటీన్‌లో దోసె. 35వ అవెన్యూలో ఒక వీధి పలక మీద అక్షరాల కింద చిన్న అంకెలుంటాయి. అక్షరానికో అంకె ఉండే స్క్రాబుల్ అనే పదాల ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ పేటవాడే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న చుట్టాలు ఇదే డబ్బుకు పెరడున్న ఇల్లు వచ్చేదని ఏడాదికోసారి గుర్తుచేస్తారు. నిజమే. కారు లేకుండా బతుకుతున్నామని నేనూ గుర్తుచేస్తాను. వీసా మీద ఉండి, ఉద్యోగం ఏ ఊరికి లాగుతుందో తెలియనివాళ్లు మాత్రం కో-ఆప్ కొనవద్దు. మా భవనంలో రెండేళ్లు కాపురం ఉంటేగానీ అద్దెకివ్వనివ్వరు, ఆ ఇవ్వడమూ రెండేళ్లకు మించకూడదు.

ముందున్న ఖర్చు బాయిలర్‌ది. 25,000 చదరపు అడుగులు దాటిన భవనాల కర్బన ఉద్గారాలకు నగరం 2019లో చట్టం తెచ్చి పరిమితులు పెట్టింది. అవి 2024లో మొదలయ్యాయి, 2030 నుంచి ఇంకా బిగుస్తాయి. మా బాయిలర్ మార్చాలి, ఇంటికింత అని అదనపు వసూలు తప్పదని బోర్డు ఉత్తరం పంపింది. ఎంతో ఇంకా తేల్చలేదు.

కొనాలనుకునేవాళ్లు చలికాలంలో, వీలైతే తెల్లవారగానే వెళ్లి చూడండి. చిమ్నీ పైన గొట్టం ఉందో లేదో తలుపు తీసి చూడండి. స్నానాలగది ఎవరు చేశారో, బోర్డుకిచ్చిన కాగితాలు ఉన్నాయో లేవో అడగండి. కింది ఇంటి తలుపు తట్టి వాళ్ల పైకప్పు కూడా చూడనిస్తారేమో అడగండి. నేను అడగలేదు.