రిజిస్ట్రీ మార్పులకు కమాండ్ క్లాసులు: మూడేళ్లు వాడాక

వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో నడిచే సీషార్ప్ బిల్లింగ్ ప్రోగ్రాం ఇది. కాంటా ఏ కామ్ పోర్టులో (సీరియల్ పోర్టు) ఉంది, బాడ్ రేటు (డేటా పంపే వేగం) 9600 పెట్టాలా 2400 పెట్టాలా, బిల్లులు ఏ ఫోల్డర్‌లో పడాలి, అన్నీ సెట్టింగులు దాచే విండోస్ రిజిస్ట్రీలోనే. ప్రతి మార్పుకూ ఒక కమాండ్ ఆబ్జెక్ట్ ఉంటుంది: ఎగ్జిక్యూట్ రాస్తుంది, అన్‌డూ వెనక్కి తెస్తుంది. ఈ పద్ధతి మంచిదే, అన్‌డూ సరిగ్గా రాసినప్పుడు.

చాలామంది పాత విలువ ఒక్కటే దాచి ఊరుకుంటారు. అది చాలదు. ఎంట్రీ ముందు ఉందా లేదా, దాని రకం, దాని విలువ, ఈ మూడూ పట్టుకోవాలి. అదీ కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు) కాదు, ఎగ్జిక్యూట్‌లో రాయబోయే ముందు. లేదంటే మధ్యలో ఇంకో ప్రోగ్రాం చేసిన మార్పు అన్‌డూతో కొట్టుకుపోతుంది. ముందు లేని ఎంట్రీని అన్‌డూ తీసేయాలి. ఖాళీ స్ట్రింగ్ పెడితే ప్రోగ్రాం డీఫాల్ట్‌ను వదిలి ఆ ఖాళీనే చదువుతుంది. ఎంట్రీని తీసేసే డిలీట్‌వాల్యూకు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ ఇవ్వండి, ఎంట్రీ అప్పటికే పోయి ఉన్నా ఎక్సెప్షన్ రాదు.

రకం దగ్గర దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది. లోకల్ మెషీన్ (కంప్యూటర్‌లోని అందరికీ వర్తించే రిజిస్ట్రీ భాగం) కింద ఫోల్డర్ దారి ఎక్స్‌పాండ్‌స్ట్రింగ్‌గా (చదివేటప్పుడు విప్పుకునే పేర్లున్న స్ట్రింగ్), శాతం గుర్తుల మధ్య యూజర్‌ప్రొఫైల్ అని ఉందనుకోండి. మామూలు గెట్‌వాల్యూ దాన్ని విప్పి ఇస్తుంది. అదే తిరిగి రాస్తే ఆ రోజు లాగిన్ అయిన గుమాస్తా ఫోల్డర్ అక్కడ పాతుకుపోతుంది. డునాట్‌ఎక్స్‌పాండ్‌ఎన్విరాన్‌మెంట్‌నేమ్స్ ఆప్షన్‌తో చదివి, గెట్‌వాల్యూకైండ్ ఇచ్చిన రకంతోనే రాయాలి. రకం చెప్పకుండా సెట్‌వాల్యూకు లాంగ్ సంఖ్య ఇచ్చినా అంతే, క్యూవర్డ్‌గా (64 బిట్ సంఖ్య రకం) కాక స్ట్రింగ్‌గా పడుతుంది.

ఓపెన్‌సబ్‌కీకి ట్రూ ఇవ్వకపోతే కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది) చదవడానికే తెరుచుకుంటుంది. కీ లేకపోతే నల్ వస్తుంది. 32 బిట్ ప్రోగ్రాం లోకల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ కింద రాస్తే అది వావ్6432నోడ్‌లోకి (32 బిట్ ప్రోగ్రాంలకు వేరుగా ఉంచిన భాగం) పోతుంది, 64 బిట్ సర్వీసుకు కనిపించదు. కమాండ్‌లోనే రిజిస్ట్రీవ్యూ, అంటే 32 బిట్ భాగమా 64 బిట్ భాగమా అన్నది, తేల్చి చెప్పండి.

యూఎస్‌బీ సీరియల్ వైరు ఇంకో రంధ్రంలో గుచ్చితే కామ్ నంబరు మారిపోవచ్చు, అందుకే పోర్టు కమాండే ఎక్కువగా నడుస్తుంది. పోర్టు, బాడ్ రేటు రెంటినీ ఒకే జమిలి కమాండ్‌లో కట్టాలి. రెండోది విఫలమైతే మొదటిది వెనక్కి రావాలి, అన్‌డూ చివరి నుంచి మొదటికి నడవాలి.

ఈ క్లాసులతో తీరని ఇబ్బంది ఒకటుంది. గుమాస్తా లాగిన్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి ప్రోగ్రాం తెరిస్తే, కరెంట్ యూజర్ (ప్రోగ్రాం నడిపే ఖాతాకే చెందిన రిజిస్ట్రీ భాగం) కింద రాసినవన్నీ అడ్మిన్ ఖాతాలో పడతాయి. ఎర్రర్ ఏమీ రాదు, గుమాస్తాకు మాత్రం పాత పోర్టే కనిపిస్తుంది. కాంటా సెట్టింగులను లోకల్ మెషీన్ కిందకు మార్చాకే అది ఆగింది.